టీకాల గదిలో పదమూడు నిమిషాలు

మా ఊరి పేరు చెప్పను. చెప్పకూడదని ఉత్తర్వు ఉంది. ఈ కార్యక్రమం జరిగిన ఏ ఊరి పేరూ, ఏ మనిషి పేరూ బయటపెట్టరాదని మూడో పేజీలో ఎనిమిదో నిబంధన. ఊరి పేరు దాచగలను గానీ మనుషుల పేర్లు దాచి కథ చెప్పడం నా వల్ల కాదు. కాబట్టి సగం నిబంధన పాటిస్తున్నాను. మా శాఖలో సగం పాటించినవాణ్ణి నిబద్ధత గల ఉద్యోగి అంటారు.

నేను ఆ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఫార్మసిస్టును. పేరు విశ్వనాథాచారి, ఊరివాళ్ళకు మందుల సారును. ఇరవై ఆరేళ్ళుగా ఒకే కిటికీ వెనక నిలబడి, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అంటూ మాత్రలు ఇస్తున్నాను. డాక్టరు గారికి మూడు ఊళ్ళ బాధ్యత అప్పజెప్పారు కాబట్టి ఆయన ఏ ఊళ్ళోనూ దొరకరు. ఉన్నదల్లా నేను, నర్సు ఎస్తేరు రాణి. కట్లు కట్టేది ఆమె, రిజిస్టరు రాసేది నేను.

మా రిజిస్టరు తిరగేస్తే మీకొక విచిత్రం కనిపిస్తుంది. మా ఊరి ఆడవాళ్ళు తెగ పడిపోతుంటారు. మెట్ల మీద పడతారు, బాత్రూములో పడతారు, తలుపుకు తగులుకుంటారు. మగవాళ్ళు మాత్రం ఎంత తాగి నడిచినా పడరు. వరికోత మిషను నడిపే భిక్షపతి భార్య జమున అయితే ఒక్క ఏడాదిలో నాలుగుసార్లు బావి దగ్గర జారిపడింది. భిక్షపతి బోరు వేయించి ఆరేళ్ళయింది. ఆ బావిలో నీళ్ళు లేవు, చుట్టూ పల్లేరుకాయలు తప్ప నాచు లేదు. అయినా నేను నాలుగుసార్లూ "జారిపడుట" అనే రాశాను. ఆమె చెప్పింది నేను రాశాను. అంతకుమించి అడగమని నాకు ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు.

ఆ ఉత్తర్వు పోయిన వేసవిలో వచ్చింది.

"ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు విచ్చేయు, పదునెనిమిది సంవత్సరములు నిండిన ప్రతి మహిళను, ఆమె రోగముతో నిమిత్తము లేకుండా, గృహహింస విషయమై ప్రశ్నించి గుర్తించవలెను." దీని పేరు గృహశాంతి ముందస్తు గుర్తింపు కార్యక్రమం. నిజం చెప్పాలంటే ఆలోచన మంచిది. మా శాఖకు మంచి ఆలోచన వచ్చిందంటేనే నాకు గుండె దడ.

జిల్లా కేంద్రంలో ఒకరోజు శిక్షణ ఇచ్చారు. కార్యక్రమ సమన్వయాధికారిణి సౌదామిని గారు మాట్లాడారు. ఆమె మాట్లాడితే ఫైలు చదువుతున్నట్టే ఉంటుంది, ఇంట్లో పాలవాడితో కూడా అలాగే మాట్లాడతారని ఆవిడ జీపు డ్రైవరు చెప్పాడు. ఎస్తేరు చేతికి ఒక ట్యాబ్ ఇచ్చారు. అందులో నాలుగు ప్రశ్నలు. నాలుగింటికీ "లేదు" అని నొక్కితే రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. దేనికైనా "అవును" అని నొక్కితే, ఆ ఒక్క అవునుకు మరో పదిహేడు ప్రశ్నలు తెరుచుకుంటాయి. ఎంత తొందరగా అడిగినా వాటికి పావుగంటకు పైనే పడుతుంది. పదిహేడూ పూర్తయితే ట్యాబ్ ఒక నంబరు ఇస్తుంది. ఆ నంబరు చెబితేనే జిల్లా కేంద్రంలోని మహిళల ఆశ్రయం గేటు తెరుస్తారు. నంబరు పక్కన పేరు ఉండదు, ఆడో మగో ఉండదు; ఆ వివరాలు జిల్లా కార్యాలయం కంప్యూటరులోనే ఉంటాయి. అది గోప్యత.

"ప్రశ్నించునపుడు గదిలో ఇరువురు తప్ప అన్యులు ఉండరాదు. గదికి తలుపు ఉండవలెను," అన్నారు సౌదామిని గారు.

ఇక్కడే మాకు ఇబ్బంది వచ్చింది. మా ఆసుపత్రిలో గదులు ఐదున్నాయి గానీ తలుపు ఒక్కదానికే ఉంది. అది టీకాల ఫ్రిజ్జు ఉన్న గది. టీకాలు వేడెక్కకూడదు కాబట్టి ఊరు మొత్తంలో ఏసీ ఉన్న ప్రభుత్వ గది కూడా అదే. ఆ తలుపు ఊరికే తెరిచి మూయకూడదని టీకాల విభాగం వాళ్ళ ఉత్తర్వు వేరే ఉంది. ఒకసారి మూస్తే పని అయ్యేదాకా తెరవకూడదు. సరే, రెండు ఉత్తర్వులూ ఒకే తలుపుకు తగిలించాం.

మొదటిరోజు మొదటి మనిషి మోకాళ్ళ నొప్పులకు వచ్చిన రాజవ్వ. ట్యాబ్‌లో మొదటి ప్రశ్న, "మీ నివాస గృహమందు మీరు భయానుభూతికి లోనగుచున్నారా?" ఎస్తేరు దాన్ని ఇంటిభాషలోకి దించి అడిగింది.

"ఇంట్ల భయమైతదా, అవ్వా?"

"ఎందుక్కాదు బిడ్డా. పాములొస్తయి."

ఎస్తేరు నియమం తప్పని మనిషి. భయం అంది కాబట్టి "అవును" నొక్కింది. పదిహేడు ప్రశ్నలు తెరుచుకున్నాయి. హింసకు పాల్పడిన వ్యక్తితో మీ బంధుత్వం, ఆ వ్యక్తి విద్యార్హత, మద్యం అలవాటు, ఎంతకాలంగా కలిసి ఉంటున్నారు. రాజవ్వ అన్నిటికీ ఓపికగా జవాబిచ్చింది. ఏసీ చల్లగా ఉందని ఆమెకు లేవబుద్ధి కాలేదు. పాముకు కౌన్సెలింగు ఇవ్వవలసిందిగా నాలుగు రోజుల తర్వాత జిల్లా నుండి నోటీసు వచ్చింది. చిరునామా లేనందున నేను తిప్పి పంపాను.

ఇంతవరకు నవ్వులాటే. రెండో వారంలో మంగ వచ్చింది, కల్లు దుకాణం దగ్గర ఉండే మంగ. ఆమె లోపలికి వెళ్ళి నలభై నిమిషాలకు బయటికి వచ్చింది. బయట వేపచెట్టు కింద మొగుడు కూర్చుని ఉన్నాడు. వాడికి చదువు రాదు గానీ లెక్క వచ్చు. ఆ రోజు అప్పటిదాకా లోపలికి వెళ్ళినవాళ్ళంతా రెండు నిమిషాల్లో వచ్చారు, తన పెళ్ళానికి నలభై పట్టింది. మంగకు నంబరు వచ్చింది నిజమే, పిల్లను తెచ్చుకుందామని ఇంటికి వెళ్ళింది. మర్నాడు పొద్దున్నే పెదవి చిట్లి, కన్ను మూసుకుపోయి వచ్చి, నా కిటికీ ముందు నిలబడింది.

"సారూ, నిన్న రాసింది కొట్టెయ్యున్రి. నేను లేదనే చెప్పిన్నని రాయున్రి."

ఆ వారం నుంచి మా ఊరి మగవాళ్ళకు ఆరోగ్యం మీద శ్రద్ధ పెరిగింది. ఆడమనిషికి జ్వరమొస్తే మొగుడు వెంట రావడం మొదలైంది. వేపచెట్టు కింద పదిమంది సెల్‌ఫోన్లు చేత పట్టుకుని తలుపు వైపే చూస్తూ ఉండేవారు. రెండు నిమిషాల్లో వస్తే బంగారం, మూడైతే అనుమానం, ఐదు దాటితే ఆ సాయంత్రం ఆ ఇంట్లో ఎవరో జారిపడేవారు. మనిషిని గుర్తించడానికి సర్కారు పెట్టిన పరీక్షను మొగుళ్ళు మాకంటే చక్కగా వాడుకున్నారు.

జమున ఐదోసారి బావి దగ్గర జారిపడి వచ్చింది అప్పుడే. ఎడమచేతి మణికట్టు పక్కకు తిరిగిపోయి ఉంది. వెనకాలే భిక్షపతి. మనిషి చూడ్డానికి సాధువులా ఉంటాడు. గొంతు మాత్రం పెద్దది. మిషను చప్పుడు మీద మాట్లాడి మాట్లాడి, మామూలుగా పలకరించినా ఊరికి దండోరా వేసినట్టు ఉంటుంది.

జమున లోపలికి వెళ్ళింది. సరిగ్గా రెండు నిమిషాలకు బయటికి వచ్చింది. భిక్షపతి ఫోను చూసుకుని, తలాడించి, బండి తీశాడు.

"నాలుగింటికీ లేదు అన్నది, ఆచారి సార్," అంది ఎస్తేరు. "నా మొకం సూస్తలేదు. గోడ మీది గడియారం సూసుకుంట చెప్పింది."

నేను రిజిస్టరులో జారిపడుట అని రాశాను.

మొగుళ్ళు బయట నిమిషాలు లెక్కపెడుతున్న సంగతి ఎస్తేరే పై వాళ్ళకు రాసింది. జవాబు రాదనుకున్నాం. పది రోజుల్లో సౌదామిని గారే స్వయంగా జీపు దిగారు. వేపచెట్టు కింది మగవాళ్ళను చూశారు, తలుపును చూశారు, ట్యాబ్‌ను అటూ ఇటూ తిప్పి చూశారు.

"కాలవ్యత్యాసమే గోప్యతా లోపమునకు మూలకారణమని గుర్తించడమైనది," అన్నారు. "అందరూ సమాన కాలము లోపల ఉన్నచో ఎవరు ఏమి చెప్పినదీ ఎవరికీ తెలియు అవకాశము లేదు."

"మంచిదే మేడం," అంది ఎస్తేరు. ఆమె ముఖంలో వెలుగు నేను కళ్ళారా చూశాను. "అందరికీ అరగంట పెడదాం."

"అరగంట ప్రతిపాదనకు శాస్త్రీయ ప్రాతిపదిక లేదు. జిల్లా సగటును పరిగణనలోకి తీసుకొనవలెను."

జిల్లా సగటు తీశారు. పదమూడు నిమిషాలు వచ్చింది. ఇకపై ప్రతి మహిళా పదమూడు నిమిషాలు లోపలే ఉండాలి. ఒక్క నిమిషం తక్కువ కాకూడదు, ఎక్కువ కాకూడదు. పదమూడో నిమిషం దాటగానే ట్యాబ్ దానంతట అదే మూసుకుంటుంది. అప్పటికి ఏదైనా సగంలో ఆగి ఉంటే దాన్ని "లేదు" కింద లెక్క కడుతుంది.

"మేడం, ఒక్క అవునుకు పావుగంట కావాలె," అంది ఎస్తేరు.

"వేగము పెంచవలెను," అన్నారు సౌదామిని గారు.

పదమూడు నిమిషాలు వచ్చాక మా టీకాల గదికి గిరాకీ పెరిగింది. అది మే నెల. లేదు అన్నవాళ్ళకు ఇంకా పదకొండు నిమిషాలు మిగిలేవి, చల్లటి గదిలో కూర్చోవాలి. కొందరు చిక్కుడుకాయలు తెచ్చుకుని ఒలుచుకునేవారు. రాజవ్వ దిండు తెచ్చుకుంది. తలనొప్పి అంటూ వచ్చేవాళ్ళ సంఖ్య మూడింతలైంది.

అవును అన్నవాళ్ళ సంఖ్య ఎంతో తెలుసా? సున్నా. పావుగంట పనిని పదమూడు నిమిషాల్లో ఎవరూ పూర్తి చేయలేరు కదా. జిల్లా మొత్తంలో సున్నా. ఒకే ఒక్క నెలలో గృహహింస ఆనవాలు లేకుండా పోయిందని పత్రికల్లో వార్త వచ్చింది. సౌదామిని గారికి శాలువా కప్పారు. మా ఆసుపత్రికి ఒక ప్రశంసాపత్రం వచ్చింది. దాన్ని ఎక్కడ తగిలించాలో తెలియక టీకాల గది తలుపుకే అతికించాం.

ఆ ప్రశంసాపత్రం కిందనుంచే జమున మళ్ళీ లోపలికి వెళ్ళింది. ఈసారి పక్కటెముకలు. ఊపిరి తీస్తే నొప్పి. భిక్షపతి బయట ఫోను చూసుకుంటూ నిశ్చింతగా ఉన్నాడు. ఎవరైనా పదమూడే కదా.

ఆ రోజు జమున అవును అంది. ఏడేళ్ళ కాపురంలో మొదటిసారి ఒకరి ముందు అవును అంది. ఎస్తేరు ప్రశ్నల వెంట పరుగు పెట్టింది. కొట్టిన వస్తువు పొడవు సెంటీమీటర్లలో ఎంత అని ట్యాబ్ అడిగింది. జమునకు సెంటీమీటర్లు తెలియవు. గొర్రు కర్ర, మూరెడుంటది అంది. మూర అంటే ట్యాబ్ ఒప్పుకోలేదు. ఎస్తేరు లేచి టేపు వెతికి, జమున చెయ్యి కొలిచి, అంకె వేసింది. అక్కడ రెండు నిమిషాలు పోయాయి. వంట గ్యాసు మీదా, కట్టెల మీదా? ఇంటికి మరుగుదొడ్డి ఉందా? రేషను కార్డు రంగు? పద్నాలుగో ప్రశ్న పూర్తవగానే ట్యాబ్ గంట కొట్టి మూసుకుంది. "మీ సహకారమునకు ధన్యవాదములు. ఫలితము: లేదు."

ఇంకా మూడు ప్రశ్నలు ఉన్నాయి. ఎస్తేరు బయటికి వచ్చి నా కిటికీ పక్కన గోడకు ఆనుకుని నిలబడింది. కళ్ళనీళ్ళు తుడుచుకోలేదు.

"మూడే ప్రశ్నలు, సార్," అంది. "మల్లా కొత్తగ తెరుద్దామంటే నెల దాకా తెరుచుకోదంట."

నా ముందే ఆశ్రయానికి ఫోను చేసింది. అవతల ఒక పెద్దామె.

"నంబరు చెప్పండమ్మా."

"నంబరు లేదమ్మా. మనిషి ఉన్నది. పేరు జమున, పక్కటెముకలు..."

"పేరు చెప్పకండమ్మా, మాకు పేర్లు వినే అధికారం లేదు. నంబరు ఉంటే గేటు తీస్తాం. ఎవరొచ్చారని అడగం, ఎందుకొచ్చారని అడగం. నంబరు లేకపోతే సాక్షాత్తు మా అక్కొచ్చినా తీయం."

"పోలీసులకు చెప్తనంటే వద్దని కాళ్ళు వట్టుకుంటున్నదమ్మా."

"నంబరు తెచ్చుకోండమ్మా," అని పెట్టేసింది. కటువుగా ఏమీ అనలేదు పాపం. అలవాటైన మాట.

జమున మాత్రలు తీసుకోవడానికి నా కిటికీ దగ్గరికి వచ్చింది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అన్నాను. వింటున్నట్టు లేదు.

"సారూ, నంబరొస్తే నిజంగ గేటు తీస్తరా?" అంది మెల్లగా.

తీస్తారమ్మా అన్నాను. ఇరవై ఆరేళ్ళలో ఆమెలాంటి వాళ్ళు ఎంతమంది ఆ కిటికీ ముందు నిలబడ్డారో, ఒక్కరినీ నేను ఏమైందని రెండోసారి అడగలేదు. ఆ రోజు నా మీద నాకు అసహ్యం వేసింది. అయినా రిజిస్టరులో రాయాల్సింది రాశాను.

మరో ఉత్తర్వు రావడానికి మూడు వారాలు పట్టింది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నారని సామెత. మావాళ్ళు ఆ దూడకు టీకా కూడా వేస్తారు. ఎవరో పెద్ద అధికారి తనిఖీకి వచ్చి, ఆ గదిలోకి ఆడవాళ్ళే వెళుతున్నారు కాబట్టి లోపల ఏం అడుగుతున్నారో బయటివాళ్ళు ఇట్టే ఊహిస్తున్నారని కనిపెట్టారట. "కావున గోప్యతను మరింత పటిష్ఠపరచుటకై, ఇకమీదట కేంద్రమునకు విచ్చేయు పురుషులను సైతము, రోగియైనను రోగి వెంట వచ్చినవారైనను, అవే ప్రశ్నలు అడుగవలెను. జవాబు చెప్పుటకు సంకోచించు వారిని సానునయముగా రెండు పర్యాయములు అడుగవలెను."

పదమూడు నిమిషాల సంగతి అందులో లేదు. ట్యాబ్‌ను తయారుచేసినవాళ్ళు గడియారాన్ని "స్త్రీ" అన్న గడికి కట్టేశారు. "పురుషుడు" అని నొక్కితే గడియారం కదలదు. ఈ సంగతి మొదట కనిపెట్టింది ఎస్తేరు. పైకి రాయాలా అని నన్నడిగింది. మొన్న రాస్తే ఏమైందో చూశావు కదా అన్నాను.

మగవాళ్ళు ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి వచ్చారు. ఉత్తరాలాయన వెళ్ళాడు, కరెంటు బిల్లు కొట్టే ఆయన వెళ్ళాడు, సర్పంచి మొగుడు పది మందిని వెంటేసుకుని వెళ్ళబోతే ఒక్కణ్ణే పంపాం. "మొగోన్ని, నన్ను కొట్టేటోళ్ళెవరు" అని అందరూ మీసం దువ్వి, రెండు నిమిషాల్లో నవ్వుకుంటూ వచ్చేశారు. ఎవరికీ అవును అనే ధైర్యం లేదు.

జూలైలో ఒక బుధవారం, పది గంటలు దాటాక, భిక్షపతి బండి ఆగింది. జమున దిగింది. కొంగు నుదుటికి అదిమిపట్టుకుని ఉంది. కనుబొమ మీద చీలిక, ఇంకో వేలెడు కిందికి దిగితే కన్ను పోయేది. ఎస్తేరు ఆరు కుట్లు వేసింది.

"బాయి కాడ..." అని మొదలుపెట్టాడు భిక్షపతి.

"తెలుసన్నా," అంది ఎస్తేరు. "ముందు నువ్వు రా లోపలికి. నిన్ను గూడ అడగాలె. సర్కారు ఆర్డరు."

"నన్నేమడుగుతరు?"

"రా అన్నా, సల్లగుంటది లోపల."

తలుపు మూసుకుంది. నేను నా కిటికీ వెనక, జమున బయట బల్ల మీద. నియమం ప్రకారం లోపలి మాట బయటికి రాకూడదు. కానీ భిక్షపతి గొంతు గురించి చెప్పాను కదా. ఎస్తేరు ఏమడిగిందో వినపడలేదు, వాడి జవాబులు మాత్రం గోడలు దాటి వచ్చాయి.

"భయమా? నాకా? లేదు, లేదు."

ఎస్తేరు ఉత్తర్వు ప్రకారం సానునయంగా రెండో పర్యాయం అడుగుతోందని అర్థమైంది.

"ఇగ మనసుకు కష్టమంటవా..." గొంతు కాస్త తగ్గింది, అంటే మామూలు మనుషుల గొంతంత అయింది. "ఉన్నది సిస్టరు. ఎందుకు లేదు. ఇంటికి పోవాలంటెనే మనసొప్పది. పొద్దంత మిషను మీద దుమ్ము మింగి పోతే, మొకం మీద నవ్వుండదు ఆమెకు. రాసుకో. అవును అని రాసుకో."

ట్యాబ్‌లో పదిహేడు ప్రశ్నలు తెరుచుకుని ఉంటాయి. గడియారం కదలదు. ఎస్తేరు ఒక్కటీ వదలకుండా, ఎక్కడా తొందరపడకుండా అడిగింది. వాడు ఒక్కొక్కదానికి ఒక పురాణం చెప్పాడు. కూరలో ఉప్పు, అత్తగారింటి మర్యాదలు, పెళ్ళిలో పెట్టని ఉంగరం, అన్నీ వచ్చాయి. మొగుణ్ణి కొట్టి మొగసాలకెక్కిందని ఆడదాని మీద సామెత కట్టినవాడెవడో గానీ, మొగసాల మీద కూర్చుని ఏడుస్తున్నది ఎవరో ఆ రోజు నేను చెవులారా విన్నాను.

పదకొండున్నరకు తలుపు కింద సందులోంచి ఒక టీకా కార్డు జారి బయటికి వచ్చింది. తీసి చూస్తే వెనకవైపు పెన్నుతో ఏడు అంకెలు రాసి ఉన్నాయి. కింద, "సార్, 11.40 బస్సు."

ప్రభుత్వ పత్రాన్ని ఒకరి పేరు మీద పుట్టించి ఇంకొకరికి ఇవ్వడం ఎన్ని నిబంధనల ఉల్లంఘనో నాకు సంఖ్యలతో సహా తెలుసు. కానీ ఆ కార్డు మీద పేరు లేదు. గోప్యత.

కిటికీ వదిలి బయటికి వచ్చాను. డ్యూటీ సమయంలో నేను కిటికీ వదలడం అదే మొదటిసారి.

"జమునా," అన్నాను. "నంబరొచ్చింది."

ఆమె కార్డును చూసింది. తలుపు వైపు చూసింది.

"పిల్లలు లేరు గదా, ఇంటికి పొయ్యే పని లేదు," అని తనలో తను అనుకుంటున్నట్టు అంది. తర్వాత, "ఆయినె వస్తడేమో సారూ."

లోపలినుంచి గొంతు ఖంగున మోగింది. "చెయ్యి చేసుకున్నదా అంటే, చేసుకున్నది. నిన్న నేను రెండు ఏసేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టింది. గాజు పలిగి నా చెయ్యి తెగింది. ఇగో సూడు. రాసుకో సిస్టరు, అవును."

"ఇప్పట్ల రాడమ్మా," అన్నాను. "ఇంకో పదిహేడు తెరుచుకున్నయి."

బస్సు ఎనిమిది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఆ ఎనిమిది నిమిషాల్లో నేను పడ్డ భయం మీ పగవాడికి కూడా వద్దు. జమున కార్డును జాకెట్లో దోపుకుని ఎక్కి, కిటికీ పక్కన కాక అవతలి వైపు కూర్చుంది.

భిక్షపతి పన్నెండున్నరకు బయటికి వచ్చాడు. నాలుగింటికీ అవును అన్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. ముఖం తేటపడింది.

"సారూ, పుట్టినకాడినుంచి నన్ను గిట్ల కూసోబెట్టి అడిగినోళ్ళు లేరు," అన్నాడు. తర్వాత బల్ల వైపు చూశాడు. "ఇదేది?"

"లోపల ఏం జరిగిందో బయటివాళ్ళకు, బయట ఏం జరిగిందో లోపలివాళ్ళకు చెప్పకూడదయ్యా. ఆర్డరు," అన్నాను.

రెండు రోజులు ఊరంతా వెతికాడు. మూడోరోజు ఎవరి సలహానో విని జిల్లా కార్యాలయానికి వెళ్ళాడు. మందుల ఇండెంటు కోసం వెళ్ళిన నేను అప్పటికే సౌదామిని గారి ముందు నిలబడి ఉన్నాను. ఆమె చాలా సంతోషంగా ఉన్నారు. సున్నా మీద ప్రశంస వచ్చాక, సున్నా అనుమానాస్పదంగా ఉందని పైనుంచి మెమో వచ్చిందట. సరిగ్గా అప్పుడే జిల్లాలో ఒక్క కేసు పూర్తిగా నమోదైంది. నాలుగు అవునులు, అరవై ఎనిమిది జవాబులు, ఒక్క గడి కూడా ఖాళీ లేదు.

భిక్షపతి లోపలికి వచ్చి తన గొంతుతో తన బాధ చెప్పాడు. సౌదామిని గారు అతని రేషను కార్డు నంబరు అడిగి కంప్యూటరులో చూశారు.

"ఈ కుటుంబమునందలి బాధితుడు ప్రస్తుతము ఆశ్రయమునందు సురక్షితముగా ఉన్నాడు. అంతకుమించి వివరములు వెల్లడించుట కుదరదు."

"బాధితుడెవరు మేడం?"

"బాధితుని పేరు బయటివారికి చెప్పము."

"మందుల సారూ, జర చెప్పున్రి. సిస్టరుకు చెప్పుకున్నది నేను. గా బాధితుణ్ణి నేనే."

సౌదామిని గారు అతన్ని పైనుంచి కిందిదాకా చూశారు. "మీరు ఆశ్రయములో ఉన్నట్లు రికార్డు చెప్పుచున్నది. రికార్డు ప్రకారము మీరు ఇక్కడ ఉండుటకు అవకాశము లేదు."

భిక్షపతి జేబులోంచి ఆధార్ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె దాన్ని తీసి, కంప్యూటరులో ఉన్న వివరాలతో సరిచూశారు. ముఖం గంభీరమైంది.

"బాధితుని ఆధార్ కార్డు మీ వద్దకు ఎట్లు వచ్చినది?"

"అది నాదే మేడం," అన్నాడు వాడు, పక్కనే ఉన్న నాకే సరిగా వినపడలేదు. ఇన్నేళ్ళూ ఊరిని అదరగొట్టిన గొంతు అది.

"బాధితుని గుర్తింపు పత్రములను లాగుకొనుట హింసయే అగును. ఆ విషయమై పదిహేడు ప్రశ్నలున్నవి," అని ఆమె ట్యాబ్ దగ్గరికి జరుపుకున్నారు. "కూర్చొనుడు."

భిక్షపతి కూర్చోలేదు. కార్డు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ కార్యాలయం మెట్లు ఎక్కలేదని విన్నాను. ఆ కార్డును "బాధితునికి అందజేయవలెను" అని ఆశ్రయానికి పంపారు. అక్కడి పెద్దామె పేరు చూసే అధికారం లేదంటూ కవరు విప్పకుండానే బీరువాలో పెట్టిందట.

ఆగస్టు సమీక్షకు నేను, ఎస్తేరు ఇద్దరమూ వెళ్ళాం. డెబ్భై మంది కూర్చున్న హాలు. సౌదామిని గారు మా కేసును తెర మీద చూపించి, మిగతా కేంద్రాలన్నీ మమ్మల్ని ఆదర్శంగా తీసుకోవాలన్నారు. తర్వాత ఎస్తేరును లేపి నిలబెట్టారు.

"బాధితుని ప్రస్తుత పరిస్థితి సభకు నివేదించవలెను."

ఆ పొద్దునే జమున ఆశ్రయం ఫోను నుంచి ఎస్తేరుతో మాట్లాడిందని నాకు తెలుసు. ఎస్తేరు ఒక్క క్షణం నా వైపు చూసి, ఎంతో మర్యాదగా చెప్పింది.

"మంచిగున్నడు మేడం. కుట్లు తీసిండ్రట. కుట్టుమిషను నేర్చుకుంటున్నడు."

"ఇంకను ఏమైనా గమనించదగిన పురోగతి కలదా?"

"ఉన్నది మేడం. అక్కడ గది తలుపుకు గడియ లోపలి దిక్కున్నదట. ఏసుకుని పడుకుంటున్నడు. ఏడేండ్లకు నిద్ర పడుతున్నదట."

సౌదామిని గారు తలవంచి, అది రాసుకున్నారు.